చెరువు చుట్టూ అడవి నడక: బయలుదేరే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

అడవి అంచున ఉన్న చెరువును ఒక చుట్టు చుట్టి, బయలుదేరిన చోటికే చేరుకోవడం. వినడానికి ఇంతకంటే సులువైన నడక ఉండదు. కొండ ఎక్కే పని లేదు, నీళ్లు ఎప్పుడూ ఒక పక్కనే కనిపిస్తుంటాయి కాబట్టి దారి తప్పుతామన్న భయమూ లేదు. చిక్కంతా ఆ నీళ్లతోనే. మన చెరువుకు అక్టోబరులో ఒక ఆకారం, మే నెలలో మరో ఆకారం. పటంలో నీలిరంగు గీత మాత్రం ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ తేడా గురించే.

వెళ్లిన దారినే తిరిగి రావచ్చు కదా, చుట్టు తిరగడం ఎందుకు?

రావచ్చు. కొన్ని చోట్ల అదే మేలు కూడా. కానీ చెరువుకు నాలుగు వైపులా నాలుగు రకాల నేల ఉంటుంది. కట్ట మీద గాలి, ఎత్తు, దూరం వరకు చూపు. కట్ట కింద ఆయకట్టు పొలాలు, తూము కాలువలు. ఎగువన వాగులు వచ్చి కలిసే చోట తుంగ, జమ్ము పెరిగిన తడినేల. పక్కల మోదుగ, తునికి, టేకు ఉన్న అడవి. వెళ్లిన దారినే వస్తే వీటిలో ఒకటో రెండో చూస్తారు.

ఎంత పెద్ద చెరువును ఎంచుకోవాలి?

మొదటిసారి అయితే కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు గేదెల్లాగే కనిపించేంత చెరువు చాలు.

లెక్క కావాలంటే ఇలా చూడండి. చెరువు చక్కని గుండ్రంగా ఉందనుకుంటే, ఒక చదరపు కిలోమీటరు, అంటే దాదాపు 250 ఎకరాల నీటికి చుట్టుకొలత మూడున్నర కిలోమీటర్లు. కానీ ఏ చెరువూ గుండ్రంగా ఉండదు. వాగు వచ్చే ప్రతిచోటా నీళ్లు వేలు చాపినట్టు లోపలికి వెళ్తాయి. ఆ వేళ్లన్నీ చుట్టి రావాలి కాబట్టి నడక సులువుగా రెట్టింపు అవుతుంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన పాఖాల చెరువు విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. గుండ్రంగా ఉన్నా చుట్టుకొలత 19 కిలోమీటర్లు దాటుతుంది. అసలు ఒడ్డు అంతకు ఎంతో ఎక్కువ. పైగా అది అభయారణ్యం. పాఖాలకు తప్పకుండా వెళ్లండి, కట్ట మీద నడవండి, కానీ ఒక్క రోజులో చుట్టి రావాలన్న ఆలోచన మానుకోండి. లక్నవరం సంగతీ అంతే. దీవులు, కొండల మధ్య దూరిన పాయలు ఉన్న చెరువులు చూడటానికి గొప్పగా ఉంటాయి, చుట్టడానికి పనికిరావు.

అనుమతి అవసరమా?

ఇది ముందే తేల్చుకోవలసిన విషయం. ఊరి చెరువు కట్ట మీద నడవడానికి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు. కట్ట దాటి అడవిలో అడుగు పెట్టగానే లెక్క మారుతుంది. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలకు, జాతీయ పార్కులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. వాటిలోకి అటవీ శాఖ అనుమతితోనే, వారు చూపిన దారిలోనే వెళ్లాలి. కవ్వాల్, అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లో సొంతంగా గీసుకున్న దారిలో కాలినడక గురించి అసలు ఆలోచించవద్దు.

దగ్గరలోని రేంజ్ కార్యాలయానికి వెళ్లి, మీరు తిరగాలనుకున్న చుట్టును కాగితం మీద గీసి చూపించి అడగడం అన్నిటికంటే మంచి పద్ధతి. "అడవిలోకి వెళ్లవచ్చా?" అంటే వద్దనే అంటారు. "ఈ కట్ట నుంచి ఈ గుడి దాకా, పగటిపూట, నలుగురం" అంటే మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. పక్క దారి ఏదైనా ఉంటే వారే చెబుతారు.

ఏ నెలలో వెళ్లాలి?

ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలోనూ, ఉత్తర, మధ్య కోస్తాలోనూ నైరుతి రుతుపవనాలతో జూన్ నుంచి నీరు చేరడం మొదలై, వానలు బాగుంటే సెప్టెంబరు, అక్టోబరు నాటికి చెరువులు నిండుతాయి. నెల్లూరు, తిరుపతి జిల్లాల వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా. వరంగల్ మిత్రుడు "నవంబరు బాగుంటుంది" అన్నాడని అదే నెలలో నేలపట్టుకు బయలుదేరితే వానలో తడిసి రావచ్చు.

నా మాట అడిగితే తెలంగాణ చెరువులకు డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అలుగు, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు, పారడం ఆగిపోయి ఉంటుంది, వాగులు సన్నబడతాయి, గడ్డి ఇంకా పూర్తిగా ఎండదు, వలస పక్షులు అప్పటికే దిగి ఉంటాయి. మార్చి వస్తే మోదుగు పూలు కనువిందు చేస్తాయి కానీ పది గంటలకే ఎండ కాల్చేస్తుంది. వానాకాలంలో ఫొటోలు బాగా వస్తాయి, చుట్టు మాత్రం పూర్తి కాదు.

పటం ఎక్కడ దొరుకుతుంది? ఫోనులోది సరిపోదా?

ఫోనులోని పటం ఊరి దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత బండ్ల బాటలు, గొర్రెల దారులు చాలావరకు అందులో ఉండవు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు తెచ్చుకోండి. వాటిలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కట్ట, వాగు, రిజర్వ్ ఫారెస్టు హద్దు స్పష్టంగా కనిపిస్తాయి. ఏడాది పొడవునా పారే వాగును నీలంగా, ఎండిపోయే వాగును నల్లగా గీస్తారు. ఈ ఒక్క తేడా తెలిస్తే పటం సగం చదివినట్టే. అయితే అవి ఎప్పటివో చూసుకోవాలి. ఆ తర్వాత వచ్చిన రోడ్లు, చేపల చెరువులు వాటిలో ఉండవు.

దానికి తోడుగా ఉపగ్రహ చిత్రాలు చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలను వెనక్కి జరిపి చూసే వీలుంది. ఒకే చెరువును నిండినప్పుడు, ఎండినప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బాట మునుగుతుందో, ఏది ఎప్పుడూ పైనే ఉంటుందో తెలిసిపోతుంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. రోజుల తేడాతో కొత్తవి వస్తుంటాయి. ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు, కాబట్టి బాట కనిపించదు కానీ నీరు ఎక్కడి దాకా ఉందో ఈ వారం సంగతి తెలుస్తుంది. నాకు పటం కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది.

నడక ఎటు నుంచి మొదలుపెట్టాలి?

కుడి నుంచా ఎడమ నుంచా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. చుట్టులో ఎక్కడ ఆగిపోయే ప్రమాదం ఉందో, ఆ చోటు నడకలో ముందుగా వచ్చేటట్టు చూసుకోండి. చెరువు చుట్టులో అలాంటి చోట్లు రెండే. ఒకటి అలుగు, కొన్ని ప్రాంతాల్లో మత్తడి అంటారు. రెండు, ఎగువ నుంచి వచ్చి కలిసే పెద్ద వాగు. మిగిలినవన్నీ ఎలాగోలా దాటవచ్చు.

అలుగు దగ్గరకు మొదటి అరగంటలో చేరి అది దాటడానికి వీలు కాదని తెలిస్తే పోయేది అరగంటే. మూడు వైపులా తిరిగి, నీళ్ల సీసా ఖాళీ చేసి, సాయంత్రం నాలుగున్నరకు అక్కడికి చేరి, అవతల ఒడ్డున మీ బండి కనిపిస్తుంటే, "కొంచెమే కదా, దాటేద్దాం" అనిపిస్తుంది. ప్రమాదాలు జరిగేది ఆ "కొంచెం" దగ్గరే. అలుగు రాయి మీద పలచగా పారే నీళ్ల కింద పాచి ఉంటుంది. కాలు జారితే పడేది నీళ్లలో కాదు, కింద రాళ్ల మీద. పారుతున్న అలుగును దాటవద్దు, లోతు ఎంతైనా సరే.

అలుగు పోస్తుందో లేదో ఇంటి దగ్గరే అంచనా వేయవచ్చు. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టువి. పై చెరువు నిండి పొర్లిన నీళ్లు కింది చెరువుకు వస్తాయి. ఎగువ ఊరి చెరువు ఇప్పుడే అలుగు పోసిందని తెలిస్తే, మీరు వెళ్లబోయే చెరువు వంతు రేపో ఎల్లుండో. మీ చెరువు మీద చినుకు పడకపోయినా సరే.

ఇంకొక విషయం. దక్కను నేల తూర్పు, ఆగ్నేయాలకు వాలి ఉంటుంది కాబట్టి చాలా చోట్ల కట్ట నీటికి ఆ వైపునే ఉంటుంది. పొద్దున కట్ట మీద నిలబడితే సూర్యుడు వీపు మీద, నీళ్లు ఎదురుగా. పక్షుల రంగులు కడిగినట్టు కనిపిస్తాయి. అదే కట్ట మీదికి సాయంత్రం వస్తే ఎండ కంట్లో కొట్టి పక్షులన్నీ నల్లటి మచ్చలే. అందుకే కట్టతో మొదలుపెట్టడం ఎక్కువసార్లు కలిసొస్తుంది. మినహాయింపులు లేకపోలేదు, పటం చూసుకోండి.

నీళ్లు తగ్గిన శిఖంలో (చెరువు లోపలి నేలలో) అడ్డంగా నడిస్తే దూరం తగ్గుతుంది కదా?

తగ్గుతుంది. అందుకే అందరూ అక్కడే దిగబడతారు.

నీళ్లు వెనక్కి పోయిన నేల పైకి ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది. పై పెంకు రెండు అంగుళాలే, కింద జారుడు ఒండ్రు. ముందు గేదెల అడుగులు చూడండి. గిట్ట గుర్తు లోతు లేకుండా, అంచులు విరిగి, లోపల పొడిగా ఉంటే నేల మనిషిని మోస్తుంది. గుర్తు లోతుగా ఉండి అడుగున నీళ్లు ఊరి ఉంటే, గేదె నాలుగు కాళ్లతో దాటిన చోట మీరు రెండు కాళ్లతో దాటలేరు. గేదెల అడుగులే లేని చోటు మరీ అనుమానించదగ్గది. అవి ఎందుకు రాలేదో వాటికి తెలుసు. లేత పచ్చ గడ్డి ఒత్తుగా, సమంగా పరుచుకున్న చోటా అంతే. చేతిలో కర్ర ఉంచుకుని అడుగు వేయబోయే చోట గుచ్చి చూడండి.

దీనికి తోడు తవ్విన గుంతలు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ, అంతకుముందూ, ఆ తర్వాతా పొలాలకు, ఇటుక బట్టీలకు చెరువుల్లో మట్టి తవ్వారు. ఆ గుంతలు నీళ్లు నిండితే పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకుని నడుస్తుంటే ఒక్కసారిగా తల మునిగే లోతు వస్తుంది. వేసవిలో పిల్లలు మునిగిపోయిన వార్తల్లో చాలా వాటికి ఈ గుంతలే కారణం. శిఖంలో నీళ్లలోకి దిగవద్దు. గుర్రపుడెక్క కమ్మిన చోట అసలే వద్దు, అది నేలలాగే కనిపిస్తుంది.

ఎంత సమయం పడుతుంది?

రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవారు ఇక్కడ మూడు వేసుకోండి. పిల్లలుంటే రెండు. ఎనిమిది కిలోమీటర్ల చుట్టుకు ఆగి చూసే సమయంతో కలిపి నాలుగు గంటలు. డిసెంబరులో హైదరాబాదు వైపు సూర్యోదయం దాదాపు ఆరున్నరకు, సూర్యాస్తమయం ఆరు లోపే. ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు బయటపడేలా చూసుకుంటే ఎండా, చీకటీ రెండూ తప్పుతాయి. వెనక్కి తిరగాల్సిన సమయం ముందే అనుకుని అందరికీ చెప్పండి. అది వచ్చినప్పుడు వాదన పెట్టుకోవద్దు.

పాములు, ఎలుగుబంట్లు, మొసళ్లు ఉంటాయా?

ఉంటాయి, చోటును బట్టి. మంజీర, కిన్నెరసాని, మంథని దగ్గరి శివ్వారం అభయారణ్యాలు మొసళ్లకు పేరుపడ్డవి. అలాంటి నీటి అంచుకు దూరంగా నడవాలి, కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగకూడదు. ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ రాదు. చాలావరకు ఉన్నట్టుండి ఎదురుపడినప్పుడే దాడి చేస్తుంది. ఇప్ప పూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి వెళ్లవద్దు. పూలు ఏరడానికి ఊరివాళ్లు, తినడానికి ఎలుగులు అక్కడికే చేరతాయి. పొదలు దగ్గరగా ఉన్న మలుపుల్లో గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. పక్షులు ఎగిరిపోతే పోనివ్వండి.

పాముల విషయంలో భయపడాల్సినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. చీలమండ దాటే బూట్లు, చూసి వేసే అడుగు, రాళ్ల సందుల్లో చేయి పెట్టకపోవడం. ముప్పాతిక వంతు జాగ్రత్త ఇంతే. కాటు పడితే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. మంత్రం పేరుతో సమయం పోగొట్టవద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, 108కి ఫోను చేసి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో బయలుదేరే ముందు రోజే కనుక్కోండి.

నడిచి వచ్చిన వారం, రెండు వారాల్లో తీవ్రమైన జ్వరం, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కనిపిస్తే పొదల్లో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. గడ్డిలోని నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. సకాలంలో గుర్తిస్తే మందులతో తగ్గిపోతుంది.

ఎవరూ చెప్పని ప్రమాదం ఏమైనా ఉందా?

కరెంటు తీగలు. అడవి అంచు పొలాల్లో పందుల నుంచి పంట కాపాడుకోవడానికి కొందరు, వేట కోసం కొందరు, నేలకు జానెడు ఎత్తున తీగ లాగి రాత్రిపూట కరెంటు పెడతారు. ఇది చట్టవిరుద్ధం, మనుషులూ పశువులూ చనిపోయిన ఘటనలు ఏటా వింటూనే ఉన్నాం. పగలు కరెంటు తీసేసినా తీగ అక్కడే ఉంటుంది. తెల్లవారకముందు, పొద్దుగూకాక పొలం గట్ల మీద, అడవి అంచు బాటల్లో నడవకపోవడానికి నా వరకు ఎలుగుబంటి కంటే ఇదే పెద్ద కారణం. చిన్న చిన్న కర్రలకు వరుసగా తీగ కనిపిస్తే తాకవద్దు, దాటవద్దు, వెనక్కి వచ్చి ఇంకో దారి చూసుకోండి.

దారి గురించి ఊళ్లో ఎవరిని అడగాలి?

గొర్రెల కాపరులను, చేపలు పట్టేవారిని. ఎలా అడుగుతామన్నది ముఖ్యం. "అటు దారి ఉందా?" అంటే "ఉంది" అనే జవాబే వస్తుంది. కాపరికి కంప మధ్య సందు కూడా దారే. "నిన్న గొర్రెలను అటు తోలారా? వాగులో నీళ్లు ఎంత దాకా వచ్చాయి?" అని అడగండి. చేత్తో పిక్క దగ్గర చూపిస్తారో, తొడ దగ్గర చూపిస్తారో దాన్నిబట్టి నిర్ణయించుకోండి.

చాలా చెరువుల్లో చేపల హక్కు స్థానిక మత్స్యకార సహకార సంఘాలది. వలలు, ఒడ్డున కట్టిన తెప్పలు ముట్టుకోకండి. తెప్ప మీద ఒక తిప్పు తిప్పమని బతిమాలడం కూడా మంచిది కాదు. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవలో జంట తాటి దోనెల మీద సందర్శకులను తిప్పుతారు, ఆ సరదా అక్కడ తీర్చుకోండి.

ఏ పక్షులు కనిపిస్తాయి?

ఏడాదంతా నీటికాకులు, గుడ్డి కొంగలు, లకుముకి పిట్టలు, నత్తలు ఏరుకునే నత్తగుల్ల కొంగలు. మిమ్మల్ని అందరికంటే ముందు చూసి ఊరంతా చాటేది తీతువు. అది నేల మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి వేసవి మొదట్లో మీ చుట్టూ ఎగురుతూ అరుస్తుంటే పక్కకు జరిగి వెళ్లండి.

చెరువు నిండుగా ఉన్నప్పుడే పక్షులు ఎక్కువ అనుకుంటారు. నిండిన చెరువులో బాతులు దూరంగా నడిమధ్యన ఉంటాయి. నీళ్లు తగ్గుతూ బురద అంచు బయటపడే కొద్దీ ఉల్లంకి పిట్టలు, కొంగలు ఒడ్డుకు చేరతాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు అందుకే మంచివి. గూడబాతులు కావాలంటే నేలపట్టుకో, కొల్లేరులోని ఆటపాకకో వెళ్లాలి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల, అంటే రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా గుర్తించినది. కానీ దాన్ని చుట్టి నడవాలనుకోవద్దు. అక్కడ కట్టలన్నీ చేపల చెరువులవే, అడవి లేదు.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

కట్ట వరకు హాయిగా. పూర్తి చుట్టుకు తీసుకెళ్లాలంటే మీరు ముందు ఒకసారి వాళ్లు లేకుండా తిరిగి రండి. హైదరాబాదులో ఉంటే కేబీఆర్ పార్కు చుట్టుబాటలో ఒక పూట నడిపించి చూస్తే ఎవరి ఓపిక ఎంతో తెలుస్తుంది.

ఏమేమి పట్టుకెళ్లాలి?

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. చెరువు నీళ్లు తాగవద్దు. టోపీ, కర్ర, విజిల్, టార్చి, వదులైన నిండు చేతుల చొక్కా. ఫోనులో పటం ముందే దించుకుని, కాగితం మీద కూడా ఒకటి. తిరిగి వచ్చే వేళ ఇంట్లో ఒకరికి, ఊళ్లో బండి పెట్టిన చోట టీ కొట్టు ఆయనకు చెప్పి వెళ్లండి. అడవిలో సిగ్నల్ పోతే ఆయన మాటే పనికొస్తుంది.

ఇంగ్లండులో ఉంటాం. ఇవే జాగ్రత్తలు అక్కడా వర్తిస్తాయా?

చాలావరకు అక్కర్లేదు. అక్కడ కాలిబాటల మీద నడిచే హక్కు చట్టంలోనే ఉంది. ప్రైవేటు పొలాల మధ్య నుంచి వెళ్లేవాటికి కూడా. పసుపు బాణం గుర్తు కాలిబాటకు, నీలం గుర్రపు దారికి. ఆర్డ్నెన్స్ సర్వే పటంలో ఆ బాటలన్నీ ఉంటాయి. ఆ అలవాటుతో సెలవులకు ఇంటికి వచ్చి పటంలో గీత ఉంది కదా అని అడవిలోకి నడవకండి. ఇక్కడ గీత ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు.

చెరువు ఒడ్డున వంట చేసుకోవచ్చా?

అడవి హద్దు లోపల నిప్పు రాజేయడం నేరం. బయట కూడా ఎండాకాలం వద్దు. ఇంకో కారణం తేనెపట్లు. కట్ట మీది పెద్ద మర్రి, మద్ది చెట్లకు కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. కింద పొగ లేస్తే గుంపుగా దిగుతాయి. పులిహోర కట్టుకుని వెళ్లండి. విస్తరాకులో అయితే తిరిగి మోసుకొచ్చే బరువు కూడా ఉండదు.